రోడ్డుకో ప్యాడ్, ట్రాక్‌కో ప్యాడ్?

తిరుమల నుంచి కిందికి దిగే పాత ఘాట్ రోడ్డు 1944 నాటిది. కొండకీ తిరుపతికీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. మనుషులతో కలిపి 1,500 కిలోలు తూగే కారు ఆ దిగుడు ముగించేసరికి దాదాపు 10 మెగాజౌళ్ల శక్తిని ఎలాగోలా వదిలించుకోవాలి. చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల రేస్ ట్రాక్ ఉంది. అక్కడ అదే కారు గంటకు 160 కి.మీ. వేగం నుంచి 80కి ఒక్కసారి తగ్గితే 1.1 మెగాజౌళ్లు వేడిగా మారతాయి. అంటే అలా తొమ్మిదిసార్లు బ్రేకు తొక్కితే కొండ మొత్తం దిగినట్టే. ల్యాపుకు మూడు చోట్ల అంత గట్టిగా తొక్కాల్సి వస్తుందనుకుంటే మూడు ల్యాపులు చాలు. అది పది నిమిషాల లోపు పని.

ఘాట్ రోడ్డు మీద ఆ భారంలో పెద్ద వాటాను సెకండ్ గేరులో ఉన్న ఇంజనే మోస్తుంది. పైగా చేతిలో అరగంటకు మించి సమయం ఉంటుంది, మధ్యలో గాలి తగిలి డిస్కులు చల్లబడతాయి. ట్రాక్ మీద ఆ వెసులుబాటు లేదు. భారం దాదాపుగా డిస్కులూ ప్యాడ్లూ మోయాల్సిందే.

కారు బ్రేకుల గురించి మాట్లాడుకునేవాళ్లు మూడు జట్లుగా చీలిపోవడానికి కారణం ఇదే. కంపెనీ బిగించి ఇచ్చిన ప్యాడ్‌కు మించింది లేదని ఒక జట్టు అంటుంది. రేసుల్లో వాడేది తెచ్చి వేసుకుంటే రోడ్డు మీద ఇంకా భద్రం కదా అని రెండో జట్టు. ఆఫీసుకూ ఆదివారం ట్రాక్‌కూ సరిపడే ప్యాడ్ ఒకటి దొరక్కపోతుందా అని మూడో జట్టు వెతుకుతుంటుంది. ఈ మూడు వాదనలనూ తూచాలంటే ముందు వేడి లెక్క తెలియాలి.

వేగం రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు

కదిలే బండిలోని శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. పైన చెప్పిన కారు గంటకు 60 కి.మీ. వేగం నుంచి ఆగితే 0.21 మెగాజౌళ్లు, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 నుంచి ఆగితే 0.83 మెగాజౌళ్లు. ఇందులో సుమారు 70 శాతం ముందు చక్రాల మీదే పడుతుంది. ముందు డిస్కులు ఒక్కోటి ఏడు కిలోల పోత ఇనుము అనుకుంటే, 120 నుంచి ఒక్కసారి పూర్తిగా ఆగినప్పుడు వాటి వేడి దాదాపు 90 డిగ్రీలు పెరుగుతుంది. అప్పటికి 60 డిగ్రీల దగ్గరున్న డిస్కు 150కి చేరుతుంది. ఏ మామూలు ప్యాడ్‌కైనా ఇదేమంత కష్టం కాదు.

ట్రాక్ మీద 160 నుంచి 80కి తగ్గిన ప్రతిసారీ అదే డిస్కు 120 డిగ్రీలు వేడెక్కుతుంది. అది చల్లారకముందే తర్వాతి మలుపు వచ్చేస్తుంది. నాలుగైదు మలుపులు దాటేసరికి 400 డిగ్రీలు, ఇంకాస్త దూకుడుగా నడిపితే 500, 600. ఎంతకు చేరిందో చూసుకోవడానికి రేసు జట్లు డిస్కు అంచున ప్రత్యేకమైన పెయింట్లు పూస్తాయి. ఆకుపచ్చ 430 డిగ్రీల దగ్గర, నారింజ 560 దగ్గర, ఎరుపు 610 దగ్గర రంగు మారతాయి. ఏ రంగు మారిందో చూసి తమకు కావలసిన ప్యాడ్ ఏదో తేల్చుకుంటాయి. ట్రాక్‌కు వెళ్లే సాధారణ వాహనదారుడికీ ఇంతకంటే చవకైన, నమ్మదగిన కొలత మరొకటి లేదు.

ప్యాడ్‌లో ఉండేదేమిటి

ఈ పరిశ్రమకు తొలి పేర్లలో ఒకటి హెర్బర్ట్ ఫ్రూడ్. 1897లో ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో ఆయన మొదలుపెట్టిన సంస్థే తర్వాత ఫెరోడో అయింది. గుర్రపు బండ్లు పల్లం దిగేటప్పుడు చక్రాలకు ఆనించే దిమ్మలు నిలవడం లేదని గమనించి, మెరుగైన ఘర్షణ పదార్థం కోసం వెతికిన మనిషి ఆయన. తర్వాత దశాబ్దాల పాటు ఆ స్థానాన్ని ఆస్బెస్టాస్ ఆక్రమించింది. వేడికి తట్టుకుంటుంది, చవక, చప్పుడు చేయదు. దాని ధూళి ఊపిరితిత్తులను తినేస్తుందని తేలాక బ్రిటన్ 1999లో, యూరోపియన్ యూనియన్ 2005లో నిషేధించాయి. ఇంకా మిగిలిన వాడకాల మీద అమెరికా 2024లో నిషేధం విధించింది. భారత్‌లో ఆస్బెస్టాస్ మీద సంపూర్ణ నిషేధం లేదు. కాబట్టి కొనేటప్పుడు పెట్టె మీద నాన్-ఆస్బెస్టాస్ అని ఉందో లేదో చూడటం, షెడ్డులో ఎయిర్ కంప్రెసర్‌తో బ్రేకు ధూళిని ఊదనివ్వకపోవడం అవసరం.

ఇప్పటి ప్యాడ్లను స్థూలంగా నాలుగు రకాలుగా చెబుతారు. ఆర్గానిక్ ప్యాడ్లలో నారలు, రబ్బరు, ఖనిజాల పొడి ఉంటాయి. మెత్తగా, నిశ్శబ్దంగా పనిచేస్తాయి, ఎక్కువ వేడికి త్వరగా చేతులెత్తేస్తాయి. సెమీ మెటాలిక్‌లో ఉక్కు నారలు, ఇనుప పొడి వంటి లోహాలు బరువులో మూడో వంతు నుంచి సగానికి పైగా ఉండొచ్చు. వేడికి నిలుస్తాయి, డిస్కును కాస్త ఎక్కువ అరగదీస్తాయి, నల్లటి ధూళి రాలుస్తాయి. సిరామిక్ రకం శుభ్రంగా, చప్పుడు లేకుండా ఉంటుంది. దాని ధూళి లేత రంగుది కాబట్టి చక్రాలు మాసినట్టు కనిపించవు. నాలుగోది లోహపు పొడిని అధిక వేడిలో అదిమి కరుడు కట్టించిన సింటర్డ్ ప్యాడ్. ఇది ఎక్కువగా బైకుల్లో, రేసుల్లో కనిపిస్తుంది.

ఈ పేర్లను బట్టి మాత్రమే ఎంచుకుంటే దెబ్బ తింటారు. సిరామిక్ అనగానే ఖరీదైన స్పోర్ట్స్ కార్ల కార్బన్ సిరామిక్ డిస్కులు గుర్తొచ్చి, అది ట్రాక్‌కు మంచిదనుకునేవాళ్లు చాలామంది. నిజానికి బజారులో దొరికే సిరామిక్ ప్యాడ్లలో ఎక్కువ భాగం రోజువారీ ప్రయాణపు హాయి కోసం తయారైనవే. ఒకే పేరు కింద పదుల కొద్దీ మిశ్రమాలుంటాయి. పదార్థాలన్నిటినీ పట్టి ఉంచే ఫినాలిక్ రెసిన్ ఎంత వేడికి విడిపోతుందన్నదే ప్యాడ్ హద్దును చాలావరకు తేలుస్తుంది.

మన దగ్గర ఈ పరిశ్రమ చిన్నదేమీ కాదు. చెన్నై పాడిలోని సుందరం బ్రేక్ లైనింగ్స్, బ్రేక్స్ ఇండియా, హైదరాబాద్‌లోనూ ప్లాంటు ఉన్న రాణే సంస్థ దశాబ్దాలుగా కార్ల కంపెనీలకు సరఫరా చేస్తున్నాయి. ట్రాక్ ప్యాడ్లు మాత్రం ఎక్కువగా దిగుమతి సరుకే. అందుకే ధర పెరుగుతుంది, నకిలీల బెడదా అక్కడే ఎక్కువ.

అంచు మీది రెండక్షరాలు

అమెరికా ప్రమాణాల ప్రకారం తయారైన ప్యాడ్ అంచున తయారీ కోడ్ చివర రెండు ఇంగ్లిష్ అక్షరాలుంటాయి. ఇ అంటే ఘర్షణ గుణకం 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55, హెచ్ అంటే అంతకు పైన. మొదటి అక్షరం మామూలు వేడిలో, రెండోది ఎక్కువ వేడిలో పట్టు ఎంతో చెబుతుంది. ఎఫ్‌ఎఫ్ ఉంటే వేడెక్కినా పట్టు నిలుస్తుందని, ఎఫ్‌ఇ ఉంటే తగ్గుతుందని అర్థం.

చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. ఈ పరీక్షలో ఎక్కువ వేడి అంటే సుమారు 343 డిగ్రీలే. అదీ ప్యాడ్ నుంచి కోసిన అంగుళం ముక్క మీద చేస్తారు. ట్రాక్‌లో కథ మొదలయ్యేదే ఆ వేడి దగ్గర. కాబట్టి రోడ్డు కోసం రెండు ప్యాడ్లను పోల్చుకోవడానికి ఈ అక్షరాలు పనికొస్తాయి కానీ 550 డిగ్రీల దగ్గర ఏది నిలబడుతుందో, ఏది త్వరగా అరుగుతుందో, ఏది కీచుమంటుందో వీటిలో ఉండదు.

యూరప్ దారి వేరు. అక్కడి ఆర్-90 నిబంధన ప్రకారం బయట అమ్మే ప్యాడ్ పనితీరు కంపెనీ ప్యాడ్ కంటే 15 శాతానికి మించి ఎక్కువా ఉండకూడదు, తక్కువా ఉండకూడదు. ఎక్కువైతే తప్పేమిటని అడగవచ్చు. కారులో ఏబీఎస్, ముందు వెనకల బ్రేకుల పాళ్లు అన్నీ ఒక నిర్దిష్టమైన ఘర్షణను లెక్కలోకి తీసుకుని కుదిర్చినవి. వెనక చక్రాలకు మాత్రమే ఎక్కువ పట్టున్న ప్యాడ్ వేస్తే గట్టిగా తొక్కినప్పుడు అవి ముందే లాక్ అవడానికి చూస్తాయి, కారు వెనక భాగం పక్కకు తిరిగిపోయే ప్రమాదం వస్తుంది. ముందు మాత్రమే మార్చితే వెనక బ్రేకులు చేయాల్సిన పని చేయకుండా మిగిలిపోతాయి. రెండో జట్టు వాదన బలహీనపడేది ఇక్కడే.

రోడ్డుకు కావలసింది చలిలో పట్టు

తెల్లవారుజామున ఇంటి గేటు దాటగానే అడ్డంగా పిల్లాడు పరిగెత్తుకొస్తే ప్యాడ్‌కు వేడెక్కే వ్యవధి ఉండదు. పూర్తి స్థాయి రేసు ప్యాడ్లలో చాలావాటికి 150, 200 డిగ్రీలు దాటితే గానీ అసలు పట్టు రాదు. అంతవరకూ తొక్కినంత స్పందన ఉండదు. వేడెక్కని రేసు ప్యాడ్ రాపిడితోనే పనిచేస్తుంది కాబట్టి డిస్కును గీరుతుంది, సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ ఊరంతా వినబడేలా అరుస్తుంది. నగరంలో ఆరేడు కిలోమీటర్లు ఆగుతూ సాగుతూ నడిచే కారుకు ఇది ప్రమాదమూ నష్టమూ రెండూ.

రోడ్డు ప్యాడ్‌ను ఎంచుకోవడానికి చూడాల్సినవి వేరు: మొదటి తొక్కులోనే పట్టు, వానలో తేడా లేని పని, చప్పుడు, ధూళి, ఎన్ని వేల కిలోమీటర్లు వస్తుంది, డిస్కును ఎంత తింటుంది. వీటన్నిటిలో కంపెనీ ప్యాడ్‌ను దాటడం కష్టం. శ్రీశైలం, అరకు, తిరుమల ఘాట్లలో బ్రేకులు వేడెక్కి పట్టు తప్పాయన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం గేరు తగ్గించకుండా పెడల్ మీదే కాలు ఉంచి దిగడం. అలాంటి డ్రైవింగ్‌కు మందు కొత్త ప్యాడ్ కాదు, సెకండ్ గేరు.

ట్రాక్‌లో ముందు తప్పేది ఆయిల్

ట్రాక్‌కు తొలిసారి వెళ్లేవాళ్లు ప్యాడ్ల గురించే అడుగుతారు. అనుభవం ఉన్న మెకానిక్ ముందు బ్రేక్ ఆయిల్ డబ్బా అడుగుతాడు. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల వరకు మరగకూడదు, తేమ పట్టాక 140. డాట్ 4కు ఆ హద్దులు 230, 155. డాట్ 5.1కు 260, 180. తేమ పట్టడం అంటే అందులో 3.7 శాతం నీరు చేరడం. ఈ ఆయిల్ గాలిలోని తేమను తనంతట తానే పీల్చుకుంటుంది. రెండు మూడేళ్లు మార్చకుండా వదిలేసిన కారు ట్రాక్ మీదికి వెళితే, ప్యాడ్ ఎంత గొప్పదైనా, దాన్ని డిస్కుకు అదిమే క్యాలిపర్‌లో ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుడుకు లొంగదు కానీ ఆవిరి లొంగుతుంది. పెడల్ నేలను తాకుతుంది, కారు ఆగదు.

ప్యాడ్ వల్ల వచ్చే లోపం వేరుగా ఉంటుంది. రెసిన్ కాలి వాయువులు వెలువడి ప్యాడ్‌కూ డిస్కుకూ మధ్య పట్టు పోతుంది. అప్పుడు పెడల్ గట్టిగానే ఉంటుంది, ఎంత బలంగా తొక్కినా కారు మాత్రం నెమ్మదించదు. పెడల్ మెత్తబడితే ఆయిల్, గట్టిగా ఉండి ఆగకపోతే ప్యాడ్. ట్రాక్‌లో ఈ తేడా తెలిసినవాడికి తర్వాత ఏం కొనాలో కూడా తెలుస్తుంది. రేసుల కోసం తయారైన మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 వంటి డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 312 డిగ్రీల దాకా మరగదు. ఖరీదైన ప్యాడ్ల కంటే ముందు చేయాల్సిన ఖర్చు ఇదే.

ప్యాడ్ మందం కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. రోడ్డు మీద మూడు మిల్లీమీటర్లు మిగిలేవరకు నడుపుకోవచ్చు. సగం కంటే ఎక్కువ అరిగిన ప్యాడ్‌తో ట్రాక్‌కు వెళ్లడం మాత్రం తెలివైన పని కాదు. పలచబడిన కొద్దీ వేడి నేరుగా పిస్టన్‌కు, అక్కణ్నుంచి ఆయిల్‌కు పోతుంది.

మధ్యేమార్గం ఎంతవరకు

మూడో జట్టు కోసం కంపెనీలు ప్రత్యేకంగా తయారుచేసే ప్యాడ్లున్నాయి. ఫెరోడో డీఎస్2500, హాక్ హెచ్‌పీ ప్లస్, ఈబీసీ ఎల్లోస్టఫ్ ఆ వరసలోవే. మామూలు ప్యాడ్ కంటే ఎక్కువ వేడికి నిలుస్తాయి, చలిలోనూ పట్టు ఇస్తాయి. ధూళి, చప్పుడు, డిస్కు అరుగుదల మామూలు వాటికంటే ఎక్కువ. తేలికపాటి హ్యాచ్‌బ్యాక్‌తో పదిహేను నిమిషాల సెషన్లు నడిపేవాడికి ఇవి చాలు.

బరువు, ఇంజన్ బలం, టైర్ల పట్టు పెరిగిన కొద్దీ ఈ మధ్యేమార్గం సన్నబడుతుంది. ఒకటిన్నర టన్ను దాటిన, 200 హార్స్ పవర్ పైబడిన సెడాన్ గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో కిలోమీటరుకు పైబడిన తిన్నని దారి చివర బ్రేకు తొక్కితే, తగ్గించుకోవాల్సిన వేగం గంటకు వంద కిలోమీటర్లకు మించి ఉండవచ్చు. అలాంటి చోట రెండు పనుల ప్యాడ్ రెండో సెషన్‌కే అలసిపోతుంది. అందుకే క్రమం తప్పకుండా ట్రాక్‌కు వెళ్లేవాళ్లు చివరికి రెండు సెట్లు ఉంచుకుంటారు. చాలా కార్లలో ముందు ప్యాడ్లు మార్చడం అరగంట, గంట పని.

ఈ వరసకు ఒక కొసన ఎఫ్1 కార్ల కార్బన్ బ్రేకులున్నాయి. అవి 350, 400 డిగ్రీలు దాటితే గానీ సరిగా పట్టవు, వెయ్యి డిగ్రీల దగ్గర ఎర్రగా వెలుగుతూ పనిచేస్తాయి. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన జరిగిన ఫార్ములా ఇ రేసు మరో కొసన ఉంది. అందులో పరిగెత్తిన మూడో తరం కార్లను వెనక చక్రాలకు మామూలు హైడ్రాలిక్ బ్రేకులు లేకుండా, మోటార్లే వేగం తగ్గించి కరెంటు తిరిగి రాబట్టేలా రూపొందించారు.

ప్యాడ్‌కూ డిస్కుకూ పొత్తు కుదరడం

కొత్త ఇనుప పెనం మీద మొదటి అట్టు అంటుకుంటుంది. నూనె రాసి కాలుస్తూ పోతే పైన ఒక పొర ఏర్పడి తర్వాతివి సులువుగా లేస్తాయి. డిస్కు మీదా ఇలాంటి పలచని పొర ఒకటి ఏర్పడాలి. బాగా పనిచేసే ప్యాడ్ చాలావరకు డిస్కు ఇనుమును కాక, తాను దాని మీద పరిచిన ఆ పొరనే పట్టుకుంటుంది. దీనికోసమే కొత్త ప్యాడ్లు వేశాక ఖాళీ రోడ్డు మీద వేగం అందుకుని, పూర్తిగా ఆగకుండా మళ్లీ మళ్లీ తగ్గించి, చివర బ్రేకు తొక్కకుండా కొంతదూరం నడిపి చల్లార్చమంటారు. ఎన్నిసార్లు, ఎంత వేగం నుంచి అన్నది ప్యాడ్‌ను బట్టి మారుతుంది. పెట్టెలోని కాగితం చూసి చేయాలి.

ఈ పొర అసమానంగా పరుచుకుంటే పెడల్ కొట్టుకుంటుంది, స్టీరింగ్ వణుకుతుంది. షెడ్డుల్లో దీన్నే డిస్కు వంకర పోయిందంటారు. అమెరికన్ రేసింగ్ ఇంజనీరు క్యారల్ స్మిత్ ఈ నమ్మకాన్ని ఖండిస్తూ ప్రత్యేకంగా రాశాడు. తాను చూసిన కేసుల్లో అసలు దోషి ప్యాడ్ పదార్థం అక్కడక్కడా అంటుకుపోవడమేనని ఆయన వాదన. ట్రాక్ నుంచి పిట్‌లోకి వచ్చి, ఎర్రగా కాలిన డిస్కు మీద పెడల్ తొక్కి పట్టి నిలబెడితే సరిగ్గా అదే జరుగుతుంది. వచ్చాక కాలు తీసేసి గేరులో వదిలేయాలి, హ్యాండ్ బ్రేకు వేయకూడదు.

రెండు రకాల ప్యాడ్లను ఒకే డిస్కు మీద మార్చిమార్చి వాడితే ఒకదాని పొర మీద ఇంకొకటి సరిగా పట్టదు. ఒకే కంపెనీ, ఒకే కుటుంబానికి చెందిన మిశ్రమాలైతే ఇబ్బంది తక్కువ. లేదంటే ట్రాక్ కోసం వేరే డిస్కులే ఉంచుకోవాలి.

బైకులు, చట్టాలు

బైకులవాళ్లకు ఇదే ప్రశ్న మరో రూపంలో వస్తుంది. హెచ్‌హెచ్ ముద్ర ఉన్న సింటర్డ్ ప్యాడ్ పట్టు బలంగా ఉంటుంది, వానలోనూ వెంటనే పనిచేస్తుంది. కానీ ఆర్గానిక్ ప్యాడ్ల కోసమే తయారైన డిస్కును త్వరగా తినేస్తుంది. ముందు చక్రం లాక్ అయితే పడిపోయే బండి కాబట్టి, ఏబీఎస్ లేని బైకుకు హఠాత్తుగా కరిచే ప్యాడ్ కంటే వేలి ఒత్తిడికి తగ్గట్టు నెమ్మదిగా పెరిగే పట్టే మేలు.

ప్యాడ్ల తయారీని ఇప్పుడు పర్యావరణ చట్టాలూ మారుస్తున్నాయి. వాన నీటితో కొట్టుకుపోయే రాగి ధూళి సాల్మన్ చేపలకు హాని చేస్తుందని కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాలు 2010లో చట్టాలు చేశాయి. కాలిఫోర్నియా చట్టం ప్రకారం ప్యాడ్‌లో రాగి 2021 నుంచి 5 శాతానికి, 2025 నుంచి 0.5 శాతానికి మించకూడదు. రాగి వేడిని పంచి పట్టును నిలకడగా ఉంచే పదార్థం. దాని స్థానంలో వేరే మిశ్రమాలు వచ్చాయి కాబట్టి పాత పేరుతో అమ్మే ప్యాడ్ ఇప్పుడు పాత ప్యాడ్‌లాగే ఉండాలని లేదు. 2024లో ఆమోదించిన యూరో 7 నిబంధన మొదటిసారిగా బ్రేకు ధూళికీ హద్దు పెట్టింది: సాధారణ కార్లకు కిలోమీటరుకు 7 మిల్లీగ్రాములు, పూర్తి విద్యుత్ కార్లకు 3.

ఎవరికి ఏది

ట్రాక్‌కు వెళ్లని కారుకు కంపెనీ ప్యాడ్, లేదా అదే కంపెనీకి సరఫరా చేసే తయారీదారు ప్యాడ్ వేయించడమే సరైన నిర్ణయం. నమ్మకమైన దుకాణంలో, బిల్లుతో కొనాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు చిన్న కారుతో ట్రాక్‌కు వెళ్లేవాళ్లు ముందు కొత్త డాట్ 4 ఆయిల్ వేయించుకుని, సగానికి పైగా మందం ఉన్న ప్యాడ్లతో వెళ్లి, డిస్కులు ఎంత వేడెక్కుతున్నాయో చూడాలి. 430 డిగ్రీల పెయింట్ రంగు మారకపోతే కొత్త ప్యాడ్ అవసరమే లేదు. మారితే రెండు పనుల ప్యాడ్‌ను నాలుగు చక్రాలకూ వేయించుకోవాలి. 560 దాటుతున్నవాళ్లు, బరువైన బలమైన కార్లవాళ్లు ట్రాక్ ప్యాడ్ల సెట్ వేరుగా కొని, ట్రాక్‌లోనే బిగించి, ఇంటిదారి పట్టేముందు తీసేయాలి. పెట్టె మీద అచ్చు వేసిన గరిష్ఠ వేడి చూసి ప్యాడ్ కొనడం మాత్రం ఈ ముగ్గురిలో ఎవరికీ పనికొచ్చే పద్ధతి కాదు.